లినక్స్ మింట్ 22.2: పాత ల్యాప్‌టాప్‌లో, తెలుగు రాసుకునేవారి అవసరాలతో

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా నవీకరణలు ఆగిపోయాయి. 2015 జూలై 29న విడుదలైన ఆ ఆపరేటింగ్ సిస్టమ్ పదేళ్లపాటు మన ఇళ్లలోను, బడుల్లోను, జిరాక్స్ షాపుల్లోను, చిన్న చిన్న ఆఫీసుల్లోను నడిచింది. చాలాచోట్ల ఇప్పటికీ నడుస్తూనే ఉంది. గడువు దాటినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు కనుక చాలామంది ఈ సంగతిని పట్టించుకోలేదు. అయితే ఇకమీదట బయటపడే భద్రతా లోపాలు ఆ కంప్యూటర్లలో పూడ్చేవారు లేక అలాగే ఉండిపోతాయి కాబట్టి, నెట్ బ్యాంకింగ్ చేసేవారు, ఆధార్, పాన్ ప్రతులను అందులో దాచుకునేవారు దీన్ని వాయిదా వేయడం మంచిది కాదు. అలాంటి ఒక పాత ల్యాప్‌టాప్‌లో, విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్ మింట్ 22.2 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ముఖ్యంగా తెలుగు రాతపనికి వాడి చూసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ల్యాప్‌టాప్ మా మేనమామగారిది. తెలుగు పండితులుగా ఉద్యోగ విరమణ చేసిన ఆయన వ్యాసాలు, పద్యాలు రాసుకోవడానికి, వాటిని పత్రికలకు మెయిల్ చేయడానికి, సాయంత్రంపూట యూట్యూబ్‌లో అవధానాలు చూడడానికి దాన్ని వాడతారు. అందులో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ3-6006యూ ప్రాసెసర్: రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 2.0 గిగాహెర్ట్జ్ వేగం, టర్బో సదుపాయం లేదు. మధ్యతరగతి ఇళ్లలో 2017, 2018 ప్రాంతాల్లో కొన్న ల్యాప్‌టాప్‌లను విప్పి చూస్తే ఈ ప్రాసెసర్ తరచుగా కనిపిస్తుంది. దానితోపాటు వచ్చిన 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్ ఈనాటి బ్రౌజర్లకు చాలవు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, అంటే మనవాళ్లందరూ సీటీసీ అని పిలిచే చోట, వాడిన 4 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటి, హార్డ్ డిస్క్‌కు బదులుగా దానికంటే వేగంగా పనిచేసే కొత్త సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి తెచ్చి బిగించాను. ఈ రెండింటిలో ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే ఎస్‌ఎస్‌డీకే పెట్టాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పాత యంత్రం నెమ్మదిగా ఉందని మనం విసుక్కునే సందర్భాల్లో అసలు అడ్డంకి చాలావరకు హార్డ్ డిస్కే తప్ప ప్రాసెసర్ కాదు.

విండోస్ 11 ఈ యంత్రంలో అధికారికంగా ఎక్కదు. కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస, వాటి తర్వాత వచ్చిన ప్రాసెసర్లకు మాత్రమే మైక్రోసాఫ్ట్ మద్దతు ఇస్తుంది, రహస్య కీలను దాచే టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండి తీరాలి. రహస్య కీలను హార్డ్‌వేర్‌లో భద్రపరచాలన్న ఆలోచనతో నాకు పేచీ లేదు. కానీ ఇంటెల్ 6వ తరం నుంచే ప్రాసెసర్లలో ఫర్మ్‌వేర్ రూపంలో టీపీఎమ్ 2.0 ఇవ్వగల సదుపాయం ఉంది. పైగా 7వ తరం కేబీ లేక్‌కూ, 8వ తరంలో 2017 ఆగస్టులో మొదటగా వచ్చిన కేబీ లేక్ రిఫ్రెష్‌కూ కోర్ నిర్మాణం ఒక్కటే. పెరిగింది కోర్ల సంఖ్య. అందువల్ల ఒకదాన్ని లోపలికి రానిచ్చి, దాని అన్నను బయట నిలబెట్టిన ఈ గీత భద్రత కోసమే గీసినదని నేను ఒప్పుకోలేను. ఈ నిర్ణయం వల్ల సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరవచ్చని క్యానలిస్ అనే పరిశోధన సంస్థ 2023 డిసెంబర్‌లోనే అంచనా వేసింది.

మైక్రోసాఫ్ట్ మధ్యేమార్గంగా 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించిన భద్రతా నవీకరణలు ఇస్తోంది. 30 డాలర్లు చెల్లించి గాని, వెయ్యి రివార్డ్స్ పాయింట్లు ఖర్చుపెట్టి గాని, సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాకు భద్రపరిచేందుకు ఒప్పుకొని ఉచితంగా గాని వీటిని పొందవచ్చు. ఏడాది వ్యవధి కావలసినవారికి ఇది పనికొస్తుంది. నిబంధనలను తప్పించుకుని విండోస్ 11 ఎక్కించే దారులు కూడా ఉన్నాయి గాని, అలాంటి యంత్రాలకు నవీకరణలు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది కనుక, ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌కు ఆ దారి తగదు.

కొత్త ల్యాప్‌టాప్ కొనేస్తే పోలేదా అనేవారు 2025 చివరి నుంచి మెమరీ మార్కెట్లో ఏం జరుగుతోందో గమనించాలి. కృత్రిమ మేధ సర్వర్ల కోసం హెచ్‌బీఎమ్ వంటి ఖరీదైన మెమరీకి గిరాకీ విపరీతంగా పెరగడంతో తయారీదారులు తమ ఉత్పత్తి సామర్థ్యాన్ని అటు మళ్లించారు. మామూలు ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. క్రూషియల్ పేరుతో దశాబ్దాలుగా మామూలు వినియోగదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మిన మైక్రాన్, ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. మన బోటి చిల్లర కొనుగోలుదారులు ఆ పరిశ్రమకు ఎంత దూరమైపోయారో చెప్పడానికి నా దృష్టిలో ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు. ఇలాంటి కాలంలో పనిచేస్తున్న 8 జీబీ యంత్రాన్ని పారేయడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ఇక మింట్ సంగతికి వస్తాను. క్లెమాఁ లెఫెబ్ర్ 2006లో మొదలుపెట్టిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితం. విరాళాలతోను, ప్రాయోజకుల సహాయంతోను నడుస్తుంది. విడుదలలన్నిటికీ ఆడవాళ్ల పేర్లు పెట్టడం వీరి ఆనవాయితీ: 2024 జూలైలో వచ్చిన 22వ సంచిక విల్మా, ఆ తర్వాతిది షియా, 2025 సెప్టెంబర్‌లో వచ్చిన 22.2 జారా. ఈ 22 వరుస మొత్తానికీ ఉబుంటు 24.04 పునాది, 2029 వరకు భద్రతా నవీకరణలు వస్తాయి. అంటే అప్పటిదాకా మావయ్యగారి ల్యాప్‌టాప్‌కు దిగులు లేదన్నమాట. కనీస అవసరం 2 జీబీ ర్యామ్, 20 జీబీ జాగా అని మింట్ చెబుతుంది గాని, హాయిగా పనిచేయాలంటే 4 జీబీ ఉండాలని కూడా వాళ్లే అంటారు. బ్రౌజర్‌తో పని ఉన్నవారు ఈ రెండో మాటనే పట్టించుకోవాలి.

సిన్నమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు డెస్క్‌టాప్‌లతో మింట్ లభిస్తుంది. 4 జీబీ ర్యామ్‌తోనే సరిపెట్టుకోవలసినవారికి ఎక్స్‌ఎఫ్‌సీఈ మేలు. 8 జీబీ ఉన్నందువల్ల నేను సిన్నమన్‌ను ఎంచుకున్నాను. అడుగున పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉండడంతో విండోస్ 7, విండోస్ 10 చూసిన కళ్లకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ కనిపించదు. మావయ్యగారికి నేను చూపించవలసి వచ్చినదల్లా ఫైళ్లు ఎక్కడ ఉన్నాయన్నది ఒక్కటే.

ఎక్కించే విధానాన్ని వివరంగా చెప్పను, ఎందుకంటే అది నిజంగా తేలిక. సుమారు 3 జీబీ ఉండే ఫైలును దించుకుని, రూఫస్ గాని బలేనా ఎచర్ గాని అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచి కంప్యూటర్‌ను తెరిస్తే, డిస్క్‌లో ఏమీ మార్చకుండానే మింట్‌ను వాడి చూడవచ్చు. వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో ఆ దశలోనే చూసుకోవాలి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లున్న కొన్ని యంత్రాలకు డ్రైవర్ మేనేజర్ నుంచి విడిగా డ్రైవర్ వేసుకోవలసి వస్తుంది కాబట్టి ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి ఇంటర్నెట్ అందించే ఏర్పాటు సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. విండోస్‌ను కూడా పక్కనే ఉంచుకోదలచినవారు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి దాని రికవరీ కీని రాసిపెట్టుకోవాలి, ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయాలి. ఆ సదుపాయం ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, అప్పుడు దాని డ్రైవ్‌లోని ఫైళ్లను మింట్ చదవగలదే తప్ప మార్చనివ్వదు. మరొక విషయం: మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగాను, లినక్స్ అంతర్జాతీయ ప్రామాణిక సమయంగాను లెక్కిస్తాయి. అందుకే మింట్‌ను వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మింట్‌లో ఒక్క ఆదేశంతో దీన్ని సరిచేయవచ్చు. తెలియనివారు మాత్రం మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిందనుకుని షాపుకు తీసుకెళ్తారు.

రోజువారీ వాడకంలో మింట్ నన్ను పూర్తిగా తృప్తిపరచింది. డెస్క్‌టాప్ తెరుచుకున్నాక సుమారు ఒక జీబీ ర్యామ్ వాడుకుంటుంది. మిగిలినదంతా బ్రౌజర్‌కు, రాతపనికి దక్కుతుంది. అప్‌డేట్ మేనేజర్ నిశ్శబ్దంగా తన పని తాను చేసుకుంటూ, ఏది ఎప్పుడు వేయాలో మన ఇష్టానికి వదిలేస్తుంది. ఏదో ముఖ్యమైన పనిలో ఉండగా కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ కావడమన్నది ఉండదు. టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టు సిస్టమ్ స్థితిని ఎప్పటికప్పుడు దాచిపెడుతుంది కనుక ఏదైనా నవీకరణ తేడా చేస్తే నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చు. ఇది సిస్టమ్‌ను దాచేదే గాని మన పత్రాలను దాచేది కాదన్నది గుర్తుంచుకోవాలి. రాతప్రతులకు వేరే బ్యాకప్ ఉండాలి. ఒకే వైఫై మీద ఉన్న కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపుకోవడానికి మింట్‌తోనే వచ్చే వార్పినేటర్ చాలా అక్కరకొచ్చే చిన్న సాధనం.

వీడియోల విషయంలో యంత్రం వయసు తెలిసిపోతుంది. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోలను ఏవీ1 అనే కుదింపు పద్ధతిలో పంపుతోంది. ఇంటెల్‌లో దాన్ని హార్డ్‌వేర్‌లోనే విప్పగలిగే గ్రాఫిక్స్ 11వ తరం నుంచి వచ్చాయి కనుక, ఈ 6వ తరం ప్రాసెసర్ ఆ భారమంతా తన రెండు కోర్ల మీదే మోస్తుంది, ఫ్యాన్ హోరు పెరుగుతుంది. హెచ్264 అనే పాత పద్ధతి వీడియోనే పంపమని యూట్యూబ్‌ను అడిగే చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి బ్రౌజర్లో చేర్చుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఓటీటీ వేదికలలో కొన్ని లినక్స్‌కు తక్కువ స్పష్టత గల వీడియోనే ఇస్తాయి. టీవీ ఉన్న ఇంట్లో ఇది పెద్ద లోటు కాదు.

తెలుగు ఈ సమీక్షకు అసలు విషయం కనుక దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. అక్షరాలు తెర మీద కనబడే తీరులో మింట్‌కు వంక పెట్టవలసిన అవసరం లేదు. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, సిన్నమన్ డెస్క్‌టాప్ మూడూ అక్షరాలను కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడతాయి కాబట్టి గుణింతాలు, వత్తులు ఒకచోట ఒకలా, మరొకచోట మరొకలా విరిగిపోవు. రాష్ట్రం, జ్యోత్స్న, వాఙ్మయం, స్వాతంత్ర్యం, అరసున్నతో వాఁడు, బండి ఱతో ఱంపము వంటి మాటలన్నీ వరుసగా రాసి చూశాను; ప్రతిదీ చక్కగా కుదురుకుంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ విండో ఒక్కదానిలో మాత్రం తెలుగు చిందరవందరగా కనిపిస్తుంది, దానికి సంయుక్తాక్షరాలను కూర్చే శక్తి లేదు. తెలుగు పేర్లున్న ఫైళ్లను నెమో ఫైల్ మేనేజర్ సవ్యంగానే చూపిస్తుంది కనుక టెర్మినల్ తెరవని మామూలు వాడుకరికి దీనితో సంబంధం లేదు.

ఫాంట్లకు కొదవ లేదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు వెతికితే లోహిత్ తెలుగు, తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన దొరుకుతాయి. తెలుగు విజయం పేరుతో ఉన్న ప్యాకేజీలో సిలికానాంధ్ర ఫాంట్లు, అంటే మండలి, సురవరం, రామభద్ర, గురజాడ, గిడుగు, పెద్దన, తిమ్మన, ధూర్జటి వంటివన్నీ ఒక్కసారే వచ్చేస్తాయి. చదువుకోవడానికి మండలి నాకు అన్నిటికంటే ఇంపుగా అనిపిస్తుంది. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. పండితులకు పనికొచ్చే హెచ్చరిక ఒకటి ఉంది. దంత్య చ, జలకు వాడే ౘ, ౙ అన్ని ఫాంట్లలోనూ ఉండవు. న్‌కు పాత రాతలో వాడే ప్రత్యేక రూపమైన నకారపొల్లు, అక్షరాలకు అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్‌లో చేరినదే 2021లో, 14.0 సంచికలో, అంతకు ముందు తయారై మళ్లీ సవరించని ఫాంట్లలో దాని చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. శాసనాల పాఠాలు, ప్రాచీన కావ్యాల ప్రతులు టైపు చేసేవారు ఫాంటును ఎంచుకునే ముందే ఈ అక్షరాలను పరీక్షించుకోవాలి.

టైపు చేయడానికి రెండు దారులున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవారికి అదనంగా ఏమీ వేయనక్కర్లేదు: కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ల జాబితాకు వెళ్లి, భారతీయ భాషల కింద తెలుగును చేర్చుకుంటే చాలు. 1986లో భారత ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించిన ఈ పద్ధతిలో ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడిచేతి వైపు ఎక్కువ హల్లులు ఉంటాయి. స్త్రీ అని రాయాలంటే ఎమ్ మీద స, డీ మీద పొల్లు, ఎల్ మీద త, మళ్లీ డీ, జే మీద ర, చివరకు ఆర్ మీద దీర్ఘపు గుడి. ఆరు నొక్కులతో మాట పూర్తవుతుంది, షిఫ్ట్ కీతో పనే పడదు. ఓపికగా నేర్చుకున్నవారికి దీనికి సాటి లేదని నా నమ్మకం. ఒక భారతీయ భాషకు నేర్చుకుంటే మిగతా భాషల్లోనూ అవే కీల మీద అవే ధ్వనులు ఉండడం దీనిలోని మరో గొప్ప సుగుణం.

రెండో దారి లిప్యంతరీకరణ, అంటే ఇంగ్లీషు అక్షరాల్లో పలుకును టైపు చేస్తే తెలుగు రావడం. మావయ్యగారు ఏళ్ల తరబడి లేఖిని అనే వెబ్ పేజీలో ఇలా రాయడానికి అలవాటుపడ్డారు. లేఖినికి ఆధారమైన ఆర్‌టీఎస్ పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు 1990లలో రూపొందించినది. అదే పద్ధతి మింట్‌లోనూ దొరుకుతుంది. ఐబస్ అనే ఇన్‌పుట్ సాధనాన్ని, దానికి తోడుగా ఎమ్17ఎన్ ప్యాకేజీని వేసుకుని, లాగ్ అవుట్ అయి తిరిగి వస్తే, తెలుగు కింద ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్ వంటి పద్ధతులు జాబితాలో కనిపిస్తాయి. సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కితే తెలుగు, ఇంగ్లీషుల మధ్య మారవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది, ఏ విండోలోనైనా నేరుగా రాయవచ్చు, ఒకచోట రాసి మరోచోట అతికించే శ్రమ తప్పుతుంది. మావయ్యగారికి మింట్ నచ్చడానికి ప్రధాన కారణం ఇదే. లాగిన్ తెరలో ప్రయోగాత్మకంగా పెట్టిన వేల్యాండ్ (విండోలను తెర మీద చూపే కొత్త పద్ధతి) సెషన్‌ను మాత్రం తెలుగువారు ఇప్పటికి ఎంచుకోవద్దు, 22.2లో అది ఇన్‌పుట్ పద్ధతులకు ఇంకా సిద్ధం కాలేదు. మామూలుగా వచ్చే ఎక్స్11 సెషన్‌లో ఏ చిక్కూ లేదు.

రాతలో తరచుగా ఎదురయ్యే చిక్కు పొల్లు దగ్గర వస్తుంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట్ తర్వాత, కంటికి కనిపించకుండా అక్షరాలను విడదీసే జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టకపోతే ట కింద వ వత్తు చేరి సాఫ్ట్వేర్ అయిపోతుంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు రాసే ప్రతివారికీ రోజూ అవసరమయ్యే ఈ గుర్తుకు కీబోర్డు మీద తేలికగా దొరికే చోటు లేకపోవడం పెద్ద లోపం. ఐబస్ నడుస్తున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి 200సీ అని కొట్టి ఎంటర్ నొక్కితే అది పడుతుంది. లిబ్రెఆఫీస్‌లో 200సీ అని రాసి ఆల్ట్, ఎక్స్ నొక్కినా వస్తుంది. పేజీకి పది చోట్ల ఇలా చేయడం ఎవరికైనా విసుగే కనుక, తరచుగా వాడే అలాంటి మాటలను లిబ్రెఆఫీస్ ఆటోకరెక్ట్ పట్టికలో చేర్చి పెట్టాను.

లిబ్రెఆఫీస్‌లో మొదటే చేయవలసిన పని మరొకటి ఉంది. ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్లి, సంక్లిష్ట లిపుల మద్దతును ఆన్ చేసి, అక్కడ తెలుగును ఎంచుకోవాలి. లిబ్రెఆఫీస్ ఇంగ్లీషుకు ఒక ఫాంటు, తెలుగు వంటి లిపులకు మరొక ఫాంటు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఈ ఏర్పాటు చేయకపోతే పరిమాణం మార్చినప్పుడు ఇంగ్లీషు పెరిగి తెలుగు పెరగకపోవడం వంటి వింతలు ఎదురవుతాయి. విండోస్‌లో గౌతమి, నిర్మల ఫాంట్లతో రాసిన వర్డ్ ఫైళ్లు ఇక్కడ తెరుచుకుంటాయి గాని, ఆ ఫాంట్లు మింట్‌లో లేవు కాబట్టి వేరే ఫాంటు వచ్చి చేరి పంక్తులు, పేజీలు జరిగిపోతాయి. పద్యాలకు ఇది చిన్న విషయం కాదు. పాదం మధ్యలో విరిగితే పద్యం రూపమే చెడుతుంది. ఇటూ అటూ తిరిగే ఫైళ్లన్నిటికీ రెండు వైపులా ఉచితంగా వేసుకోగల మండలి వంటి ఫాంటునే వాడాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. తెలుగు అక్షరదోషాల పరిశీలనకు హన్‌స్పెల్ నిఘంటువు ఉంది గాని, విభక్తులు, సంధులు కలిసి ఒకే మాటగా పెరిగిపోయే మన భాషకు అది చాలదు. ఇంటిదగ్గరివాళ్లందరూ, వెళ్లాలనుకున్నప్పుడల్లా వంటి మాటల కింద ఎర్రగీతలు గీస్తూ పోతుంది కనుక దాన్ని ఆపేయడమే మంచిది.

మింట్ ఎవరికి తగదో కూడా చెప్పాలి. అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో బతుకు సాగించే డీటీపీ కేంద్రాలు దీనికి మారకూడదు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు అనేకం ఇప్పటికీ యూనికోడ్ కాని ఆ పద్ధతిలోనే తయారవుతున్నాయి, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసమే చేసినది. అలాంటివారు పాత విండోస్ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా అక్షరాల కూర్పుకు మాత్రమే ఉంచుకుని, మెయిల్, వాట్సాప్ పనులకు వేరే యంత్రం వాడుకోవడం క్షేమం. కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం దారి మారింది. 2024 జనవరి 1న వచ్చిన పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 తెలుగు యూనికోడ్‌ను సవ్యంగా కూర్చగలదు, ఒక చిన్న కవితా సంపుటిని దానితో తీర్చిదిద్దడం సాధ్యమే. ట్యాలీ మీద లెక్కలు రాసే దుకాణాలు కూడా విండోస్‌లోనే ఉండాలి. డిజిటల్ సంతకం టోకెన్లతో టెండర్లు, రిటర్నులు దాఖలు చేసేవారు తమ టోకెన్ తయారీదారు లినక్స్ డ్రైవర్ ఇస్తున్నాడో లేదో, తాము వాడే పోర్టల్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందుగా విచారించుకోవాలి.

ప్రింటర్ల విషయం సగం మంచి, సగం చెడు. గత కొన్నేళ్లలో వచ్చిన వైఫై ప్రింటర్లు చాలావరకు ఏ డ్రైవరూ లేకుండానే మింట్‌కు కనిపిస్తాయి, ఒక పేజీ తీసి చూసుకోవడమే మిగిలిన పని. మన ఆఫీసుల్లో, బడుల్లో ఇప్పటికీ గట్టిగా పనిచేస్తున్న పాత లేజర్ ప్రింటర్లలో కొన్ని మాత్రం తమ తయారీదారు సొంత సంకేతాలను తప్ప మరి దేన్నీ అర్థం చేసుకోవు. వాటికి లినక్స్‌లో డ్రైవర్ ఉన్నా ఒక నవీకరణ తర్వాత ఆగిపోవడం మామూలే. మావయ్యగారి దగ్గర ఉన్నది అలాంటిదే కనుక అచ్చు తీయవలసినవి పీడీఎఫ్‌గా మార్చి వీధి చివర జిరాక్స్ షాపుకు పంపుతున్నారు.

మింట్ బృందాన్ని కోరవలసినది నా దృష్టిలో ఒక్కటే ఉంది. ఎక్కించేటప్పుడు మొదటి తెరలో తెలుగును ఎంచుకునే వీలు ఉంది. అలా ఎంచుకున్నవారికి మంచి తెలుగు ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ పద్ధతులతో ఐబస్, లిబ్రెఆఫీస్‌లో సంక్లిష్ట లిపుల మద్దతు వాటంతట అవే సిద్ధమైపోవాలి. ఇవేవీ కొత్తగా తయారుచేయవలసినవి కావు, అన్నీ ఇప్పటికే వారి సాఫ్ట్‌వేర్ భాండాగారంలో ఉన్నాయి. ఇప్పుడు అవన్నీ ఒక్కొక్కటిగా వెతికి అమర్చుకోవడానికి తెలిసినవారికే ఒక పూట పడుతుంది. తెలియని పెద్దవారు తెలుగు రాయడం కుదరదేమోనని మింట్‌నే వదిలేసే ప్రమాదం ఉంది. మెనూల అనువాదం కూడా సగంలో ఆగింది. తెలుగును సిస్టమ్ భాషగా పెట్టుకుంటే కొన్ని వరుసలు చక్కని తెలుగులో, వాటి పక్కనే మరికొన్ని ఇంగ్లీషులో కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ బృందం ఏళ్ల క్రితమే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి చూపించింది కనుక మనకు పదాల కొరత లేదు, పూనుకునేవారి కొరత ఉంది. మింట్ అనువాదాలు లాంచ్‌ప్యాడ్ అనే వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచి ఉన్నాయి, ఖాతా తెరిచి తోచిన పదాన్ని సూచించడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. సిన్నమన్ సెట్టింగుల్లోని మాటలతో మొదలుపెట్టాలని మావయ్యగారు, నేను అనుకున్నాం. కీబోర్డు, ఇన్‌పుట్ పద్ధతుల పేజీలు ముందుగా తెలుగులోకి వస్తే మా తర్వాత మింట్‌కు మారేవారికి ఆ ఒక పూట పని చాలావరకు తగ్గుతుంది.